ముదిరిన అండాశయ క్యాన్సర్: విస్తృత శస్త్రచికిత్స, దాని ఫలితాలు

అండాశయ క్యాన్సర్ చప్పుడు లేకుండా ముదిరే వ్యాధి. గర్భసంచికి ఇరువైపులా ఉండే అండాశయాలలో గాని, వాటిని ఆనుకొని ఉన్న అండవాహికల చివరలలో గాని ఇది పుడుతుంది. పొట్ట ఉబ్బరం, కొద్దిగా తినగానే కడుపు నిండినట్లుండడం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రానికి వెళ్లవలసి రావడం దీని ముఖ్య లక్షణాలు. ఇవన్నీ గ్యాసు బాధగానో, వయసుతో వచ్చే మార్పులుగానో తోస్తాయి. అందువల్ల ఎక్కువమందిలో వ్యాధి మూడవ లేక నాలుగవ దశకు చేరిన తరువాతే బయటపడుతుంది. లక్షణాలు లేని స్త్రీలకు ఏటా రక్తపరీక్ష, స్కానింగ్ చేసినా మరణాలు తగ్గలేదని బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా స్త్రీలపై జరిగిన పరిశోధన 2021లో తేల్చింది. కనుక పై లక్షణాలు వారాల తరబడి విడవకుండా ఉంటే పరీక్ష చేయించుకోవడం అవసరం.

శస్త్రచికిత్స స్వరూపం

మూడవ దశలో వ్యాధి కటి ప్రాంతాన్ని దాటి, పొట్ట లోపలి పొర మీదికి గాని, వెనుకనున్న లింఫు గ్రంథులలోకి గాని పాకి ఉంటుంది. నాలుగవ దశలో ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిలోనో, కాలేయం లోపలనో, మరింత దూరపు భాగాలలోనో కనిపిస్తుంది. ఈ దశలలో చేసేది చిన్న ఆపరేషన్ కాదు. గర్భసంచి, రెండు అండాశయాలు, అండవాహికలు, పేగులపై పరచుకొని ఉండే కొవ్వు పొర తొలగిస్తారు. వ్యాధి పాకిన చోటును బట్టి పేగులో కొంత భాగం, ప్లీహం, ఉదర వితానం మీది పొర కూడా తీసివేయవలసి రావచ్చు. కొందరికి మలవిసర్జన కోసం పొట్టపై ద్వారం చేసి సంచి అమరుస్తారు. ఇది కొందరికి తాత్కాలికం, కొందరికి శాశ్వతం.

మిగిలిన గడ్డే కొలమానం

ఎంత తీశారన్న దానికంటే ఎంత మిగిలిందన్నదే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది. మిగిలిన గడ్డ ఎంత చిన్నదైతే రోగి అంత ఎక్కువ కాలం జీవిస్తుందని అమెరికా వైద్యుడు గ్రిఫిత్స్ 1975లో చూపాడు. మూడు పరిశోధనలలోని 3,126 మంది వివరాలను 2009లో ఒకచోట చేర్చి పరిశీలించగా, కంటికి కనిపించే వ్యాధి ఏమీ మిగలనివారిలో సగం మంది 99 నెలలకు మించి జీవించారు. ఒక సెంటీమీటరు లోపు మిగిలినవారిలో ఈ గడువు 36 నెలలు, అంతకంటే ఎక్కువ మిగిలినవారిలో సుమారు 30 నెలలు. అయితే ఈ తేడా అంతా కత్తి మహిమ అనుకోరాదు. వ్యాధి స్వభావం కొంత నెమ్మదైనదైతే పూర్తిగా తొలగించడమూ సులభమవుతుంది.

ముందు ఆపరేషనా, ముందు మందులా?

ముందుగా మూడు విడతల కీమోథెరపీ ఇచ్చి, గడ్డలు తగ్గిన తరువాత ఆపరేషన్ చేసి, మిగతా విడతలు ఇవ్వడం రెండవ పద్ధతి. యూరప్‌లో జరిగి 2010లో వెలువడిన పరిశోధనలో ఈ రెండు పద్ధతుల ఆయుఃప్రమాణం దాదాపు సమానంగా, 29, 30 నెలలుగా తేలింది. ఆపరేషన్ అనంతర మరణాలు మాత్రం ముందు ఆపరేషన్ చేసినవారిలో 2.5 శాతం, ముందు మందులు తీసుకున్నవారిలో 0.7 శాతం. అనుభవమున్న కేంద్రాలలో 688 మందిపై జరిగి 2025లో వెల్లడైన ట్రస్ట్ పరిశోధనలో ముందు ఆపరేషన్ జరిగినవారికి 54 నెలలు, ముందు మందులు తీసుకున్నవారికి 48 నెలలు వచ్చాయి. ఆ తేడాను గణాంకపరంగా నిశ్చయమైనదిగా పరిగణించలేదు. కాబట్టి పోషణ క్షీణించినవారికి, వృద్ధులకు, పొట్టలో విస్తారంగా నీరు చేరినవారికి ముందు మందులు ఇవ్వడం చికిత్సను వాయిదా వేయడం కాదు.

అధికం ఎల్లప్పుడూ మేలు కాదు

గడ్డలన్నీ తీసివేసిన తరువాత, ఆరోగ్యంగా కనిపించే లింఫు గ్రంథులను కూడా తొలగించడం పూర్వపు ఆనవాయితీ. 647 మందిపై జరిగి 2019లో వెలువడిన లయన్ పరిశోధనలో దానివల్ల ఆయుష్షు పెరగలేదు; 60 రోజులలో సంభవించిన మరణాలు మాత్రం 0.9 శాతం నుండి 3.1 శాతానికి పెరిగాయి. విస్తృత ఆపరేషన్‌లో రక్తస్రావం, చీము పట్టడం, పేగు కుట్లు విడిపోవడం, కాళ్ల సిరలలో రక్తం గడ్డకట్టడం ప్రధానమైన ముప్పులు. అందుకే వీలైనంత త్వరగా లేపి నడిపిస్తారు.

ఆ తరువాత

ఆపరేషన్ బాగా జరిగినా ఎక్కువమందిలో వ్యాధి తిరగబెడుతుంది. అలా తిరగబెట్టిన వ్యాధిని మళ్లీ పూర్తిగా తొలగించగల కొందరిలో రెండవ ఆపరేషన్ ఆయుష్షును 46 నెలల నుండి సుమారు 54 నెలలకు పెంచినట్లు 2021లో తెలిసింది. బీఆర్‌సీఏ జన్యులోపం ఉన్నవారికి కీమోథెరపీ తరువాత ఇచ్చే ఒలాపరిబ్ మాత్రలు 2018 నుండి ఫలితాలను ఎంతో మెరుగుపరచాయి. ఏడేళ్ల తరువాత ఆ మందు వాడినవారిలో 67 శాతం, వాడనివారిలో సుమారు 47 శాతం జీవించి ఉన్నారు. ఈ లోపం వంశంలో నడుస్తుంది గనుక పరీక్ష ఫలితం అక్కచెల్లెళ్లకు, కుమార్తెలకు కూడా అవసరమే.

కుటుంబం తెలుసుకోవలసినవి

ఈ ఆపరేషన్ స్త్రీల క్యాన్సర్లలో ప్రత్యేక శిక్షణ పొందిన శస్త్రవైద్యుల చేత, రక్తనిధి, ఇంటెన్సివ్ కేర్ ఉన్నచోట జరగడం శ్రేయస్కరం. సరిహద్దు జిల్లాల వారికి బెంగళూరులోని కిద్వాయి, చెన్నైలోని అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, పుదుచ్చేరిలోని జిప్‌మర్, కటక్‌లోని ఆచార్య హరిహర్ సంస్థ, ముంబైలోని టాటా మెమోరియల్, హైదరాబాదులోని ఎం.ఎన్.జె. పేరొందిన ప్రభుత్వ, ధర్మ సంస్థలు. రాష్ట్ర ఆరోగ్య పథకాలు సాధారణంగా ఆయా రాష్ట్రాల నివాసులకే వర్తిస్తాయి. ఆయుష్మాన్ భారత్ కార్డు మాత్రం నమోదైన ఆసుపత్రులలో రాష్ట్రం దాటినా చెల్లుతుంది. ఏ ఆసుపత్రికి ఏ కార్డు పనికివస్తుందో బయలుదేరకముందే విచారించుకోవాలి.

అంగీకార పత్రంపై సంతకం చేసే ముందు గడ్డలన్నీ తీయగల అవకాశం ఎంత, ముందు మందులు ఇస్తే మేలా, పొట్టపై సంచి అవసరం కావచ్చా, ఆసుపత్రిలో ఎన్నాళ్లు ఉండాలి అని వైద్యుని అడగాలి. ఆపరేషన్ తరువాత ఎంత మిగిలిందో వ్రాతపూర్వకంగా తీసుకొని, బయాప్సీ నివేదికతోపాటు భద్రపరచాలి. మరొక రాష్ట్రపు ఆసుపత్రికి వెళ్లవలసివస్తే అక్కడి వైద్యులు మొదట అడిగే కాగితాలు అవే. అన్నిటినీ మించి, రోగికి తన వ్యాధి సంగతి తెలియజెప్పి, ఆమె అభిప్రాయం వినాలి. నొప్పి భరించేది, మిగిలిన కాలం గడిపేది ఆమే గనుక నిర్ణయంలో మొదటి మాట ఆమెదే కావాలి.