బ్రిటన్ కౌన్సిల్ ఇళ్లు

స్థానిక సంస్థలు కట్టి, తక్కువ అద్దెకిచ్చే ఇళ్లను బ్రిటన్‌లో కౌన్సిల్ ఇళ్లంటారు. ఖజానా ఎప్పుడు ఏ లెక్కన సాయం చేస్తే, ఆ ఇళ్లు ఆ లెక్కకు తగ్గట్టే లేచాయి.

1869లో లివర్‌పూల్ నగరం సొంతంగానే తొలి ఇళ్లు కట్టింది. తర్వాత లండన్‌లో ఓల్డ్ నికల్ మురికివాడను కూల్చి కట్టిన బౌండరీ ఎస్టేట్‌ను 1900లో ప్రారంభించారు. కూల్చిన గోడల మట్టినంతా నడిమధ్యన గుట్టగా పోశారు. దాని మీద బ్యాండు మేళానికి వేసిన మండపం ఇప్పటికీ ఉంది. లేనిదల్లా పాత వాడ జనమే. సర్కారు సబ్సిడీ లేదు కనుక ఖర్చంతా అద్దెల్లోనే రాబట్టాలి. ఆ అద్దెలు కట్టలేక, ఏ కొద్దిమందో తప్ప అందరూ వేరే చోట్లకు పోయారు.

తోవ మళ్లించింది గ్లాస్గో ఆడవాళ్లు. 1915లో యుద్ధం అదనుగా యజమానులు అద్దెలు పెంచితే, మేరీ బార్బర్ వంటివారి వెంట నడిచి అద్దె కట్టబోమని భీష్మించారు. ప్రభుత్వం దిగివచ్చి అద్దెలకు కళ్లెం వేసింది.

1919 నాటి ఆడిసన్ చట్టంతో లండన్ ఖజానా నేరుగా బరువు మోసింది: ఒక పెన్నీ స్థానిక పన్నుతో వచ్చే రాబడిని మించిన నష్టమంతా కేంద్రానిదే. 5 లక్షల ఇళ్లన్నారు. 1921లో పొదుపు పేరిట చేయి వెనక్కి తీసుకున్నారు. 1924లో వీట్లీ చట్టం పట్టణాల్లో ఇంటికి ఏటా 9 పౌండ్ల చొప్పున 40 ఏళ్లపాటు సాయం ఖాయం చేసింది. ఆ భరోసాతో దాదాపు 5 లక్షల ఇళ్లు లేచాయి.

1956లో లెక్క మారింది. అంతస్తులు పెరిగేకొద్దీ సబ్సిడీ పెరిగేది. ఇంకేం, కౌన్సిళ్లు ఆకాశానికి నిచ్చెనలు వేశాయి. 1968 మేలో తూర్పు లండన్‌లోని 22 అంతస్తుల రోనన్ పాయింట్‌లో, 18వ అంతస్తు వంటింట్లో గ్యాస్ పేలి భవనం ఒక మూల మొత్తం కుప్పకూలింది. నలుగురు చనిపోయారు. అప్పటికి జనం చేరి రెండు నెలలే.

1980లో థాచర్ ప్రభుత్వం అద్దెదారులకు కొనుగోలు హక్కిచ్చింది. మూడేళ్లు ఉన్నవారికి ధరలో 33 శాతం, ఎక్కువ ఏళ్లుంటే 50 శాతం దాకా తగ్గింపు. లక్షల కుటుంబాలు సొంతింటివాళ్లయిన మాట నిజమే. కానీ వచ్చిన సొమ్మును కొత్త ఇళ్లకు స్వేచ్ఛగా వాడుకోకుండా కౌన్సిళ్లపై ఆంక్షలు పెట్టడమే అసలు దెబ్బ. సర్కారు డబ్బు ఇటుకల నుంచి అద్దె భత్యాలకు మళ్లింది.

ఈ అమ్మకాన్ని స్కాట్లాండ్ 2016లో, వేల్స్ 2019లో రద్దు చేశాయి. ఇంగ్లండ్ మాత్రం 2024 నవంబరులో తగ్గింపును బాగా కోసింది. 2025 జూన్‌లో సామాజిక, అందుబాటు ధర ఇళ్లకు పదేళ్లలో 3,900 కోట్ల పౌండ్లు ప్రకటించింది.