నోటి కణజాలంలో జన్యుమార్పుల పరీక్ష

రసాయనాలు జన్యువులను మార్చగలవని రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఎడిన్‌బరోలో షార్లెట్ ఆవర్‌బాక్, జె. ఎం. రాబ్సన్ నిరూపించారు. మస్టర్డ్ వాయువు పండు ఈగల్లో ఉత్పరివర్తనాలు కలిగించింది. ఆ వివరాలు యుద్ధం ముగిశాకే పూర్తిగా వెలువడ్డాయి. 1970లలో బ్రూస్ ఏమ్స్ సాల్మొనెల్లా బాక్టీరియాతో చవకైన, త్వరగా తేలే పరీక్ష రూపొందించాడు. అయితే ఒక రసాయనం దేహంలో ఏ అవయవాన్ని దెబ్బతీస్తుందో బాక్టీరియా చెప్పలేదు.

నోటి క్యాన్సర్‌పై పరిశోధన వేరే దారిలో సాగింది. 1954లో శాలీ అనే పరిశోధకుడు హామ్‌స్టర్ బుగ్గ సంచికి క్యాన్సర్ కారకాలను పూసి కణుతులు రప్పించాడు. తర్వాత 4-నైట్రోక్వినోలిన్-1-ఆక్సైడ్‌ను తాగునీటిలో కలిపి ఎలుకల నాలుకపై కణుతులను పరిశీలించారు. కణితి తేలడానికి నెలలు పడుతుంది; జన్యువులో మార్పు అంతకు చాలా ముందే జరిగిపోతుంది.

ఆ తొలి మార్పును పట్టుకునే సాధనం 1989లో నెదర్లాండ్స్‌లో వచ్చింది. బాక్టీరియాకు చెందిన లాక్‌-జడ్ జన్యువును చుంచెలుకల ప్రతి కణంలోనూ నిలిపారు. రసాయనం ఇచ్చిన కొన్ని వారాలకు నాలుక, చిగుళ్ల వంటి కణజాలం నుంచి డీఎన్‌ఏ తీసి, ఫేజ్ వైరస్‌లో చేర్చి, ఈ-కోలై బాక్టీరియాలో పెంచుతారు. మారిన జన్యువుల నిష్పత్తే ఉత్పరివర్తన పౌనఃపున్యం. పొగాకు పొగలోని బెంజోపైరీన్‌ను నోటి కణజాలంలో ఇలాగే పరీక్షించారు. 2011లో ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) ఈ తరహా పరీక్షలకు 488వ మార్గదర్శకం ఆమోదించింది.

చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు అంగిలి క్యాన్సర్‌కు దారితీసిన ఉత్తరాంధ్ర తీరానికి ఈ శాస్త్రం దూరమైనది కాదు.