పదార్థమును ప్రయోగమును: ఆంగ్లపద సంపాదనమార్గముల చరిత్ర

పరభాష నభ్యసించువారికి మొట్టమొదటఁ గావలసినది పదసంపత్తి. ఆంగ్లము మన పాఠశాలలలోఁ బ్రవేశించిన నాఁటినుండియు బాలు రందుల కవలంబించుచున్న మార్గ మెల్లర కెఱుకయే. కాగితము నడుమ నొక గీఁత గీసి, యెడమవైపున నాంగ్లపదమును, కుడివైపునఁ దెలుఁగర్థమును వ్రాసికొని వల్లింతురు. ఇట్లు వేయిపదములు వల్లించిన బాలుఁడు పదివాక్యములు తప్పులేకుండ వ్రాయఁజాలకుండుట తఱచుగాఁ జూచుచున్నాము. లోపము బాలుని బుద్ధియం దున్నదా, మార్గమునం దున్నదా యనునది విచారింపఁదగిన విషయము. మన శాస్త్రము లీ విషయమున నేమి చెప్పుచున్నవో, ఆంగ్ల నిఘంటుకర్తలు తమ మార్గము నెట్లు క్రమముగా దిద్దికొనిరో యీ వ్యాసమునఁ గొంత చర్చింతును.

పదమునకు నర్థమునకుఁ గల సంబంధమునకు మనవారు శక్తి యని పేరిడిరి. ఆ శక్తిని గ్రహించుటకు వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము, వివృతి, సిద్ధపదసాన్నిధ్యము అని యెనిమిది యుపాయములను శాస్త్రకారులు పరిగణించిరి. కోశ మీ యెనిమిదింట నొక్కటి మాత్రమే. తక్కినవాని కెల్ల నాధారమైనది వృద్ధవ్యవహారము. పెద్దవాఁ డొకఁడు ‘ఆవును దెమ్ము’ అనును. వినినవాఁ డావును దెచ్చును. చెంతనున్న బాలుఁ డది చూచును. పిదప ‘ఆవును గట్టుము’, ‘గుఱ్ఱమును దెమ్ము’ అను మాటలు వినును. ఏ పదము మాఱినపు డే వస్తువు మాఱెనో, యే పని మాఱెనో కనిపెట్టి బాలుఁ డొక్కొక్క పదమునకు నర్థమును వేఱుపఱుచుకొనును. దీనికే ఆవాపోద్వాపము లని పేరు. పదములు ముందు విడివిడిగా నర్థములఁ జెప్పి పిదప నా యర్థము లన్వయించు నని కుమారిలుని మతము. అన్వితమైన యర్థమునే పదములు చెప్పు నని ప్రభాకరుని మతము. వాక్యమే యఖండ మని వాక్యపదీయమున భర్తృహరి సిద్ధాంతము. మతము లెన్ని యైనను, బాలుఁడు తొలుత వినునది వాక్యమే కాని విడిపదము కాదనుటలో వివాదము లేదు.

మఱి మనవారు బాలురచేత నమరకోశమును వల్లింపించిరి గదా యని యాక్షేపింపవచ్చును. నిజమే. మూఁడు కాండముల యా గ్రంథమునఁ బర్యాయపదములును లింగములునే కాని యుదాహరణవాక్యములు లేవు. కాని యమరము వల్లించిన బాలుఁ డచ్చట నిలువలేదు. వెంటనే రఘువంశమును జేతఁబట్టి, గురువు చెంతఁ బ్రతిపదార్థము చెప్పుకొనుచు, వల్లించిన పదమునే శ్లోకాన్వయమునఁ గాంచుచుండెను. కోశమునఁ గూర్చుకొన్న ధనము కావ్యమున వినియోగపడెను. ఆంగ్లపదముల పట్టికను వల్లించు బాలునకుఁ గోశము దక్కినది; కావ్యము దక్కలేదు.

ఆంగ్లేయుల నిఘంటువులును బట్టికలుగనే పుట్టినవి. 1604లో రాబర్టు కాడ్రీ ప్రకటించిన గ్రంథము ఆంగ్లపదముల కాంగ్లముననే యర్థముఁ జెప్పిన తొలి నిఘంటువుగాఁ బరిగణింపఁబడుచున్నది. అందలి పదములు సుమారు 2,500. అవియును లాటిను, గ్రీకు మొదలగు భాషలనుండి వచ్చిన కఠినపదములు. ఒక్కొక్కదానికి సులభమైన పర్యాయ మొకటో రెండో యిచ్చి యాతఁడు విరమించెను. నూటయేఁబది సంవత్సరముల పిమ్మట, 1755లో, సామ్యుయల్ జాన్సను 42,773 పదములతో నిఘంటువును వెలువరించి, వానికి సుమారు 1,14,000 ప్రయోగములను గ్రంథములనుండి యెత్తి చూపెను. ఒకే పదమునకు నర్థభేదము లెన్ని కలవో ప్రయోగములనుబట్టియే వేఱుపఱిచి సంఖ్యాక్రమమున నమర్చెను. వైయాకరణులకుఁ బ్రయోగమే శరణమను మన న్యాయ మాతని గ్రంథమున నడుగడుగునఁ గానవచ్చును. ఆ మార్గముననే 1857లో లండనులోని భాషాశాస్త్రజ్ఞుల సంఘ మొకటి సంకల్పించిన యాక్స్‌ఫర్డు మహానిఘంటువు 1884 మొదలు భాగములుగా వెలువడి 1928లో ముగిసెను. 4 లక్షలకు మించిన పదములకు 18 లక్షలకు మించిన ప్రయోగము లందుఁ గలవు. దేశదేశములనుండి పాఠకులు చీటీలపై ప్రయోగములను వ్రాసి పంపఁగా, సంపాదకులైన జేమ్సు మఱ్ఱే మున్నగువారు వానిని గ్రమపఱిచిరి.

మన దేశమున నాంగ్లాంధ్ర నిఘంటువుల చరిత్ర విపరీతక్రమమున నారంభమైనది. తెలుఁగువా రాంగ్లము నేర్చుటకుఁ గాక, యాంగ్లేయులు తెలుఁగు నేర్చుటకై యవి పుట్టినవి. 1812లో మదరాసున సెయింటు జార్జి కోట కళాశాల యేర్పడెను. ఎ. డి. క్యాంబెలు 1816లో వ్యాకరణమును, 1821లోఁ దెలుఁగునకు నాంగ్లార్థములుగల నిఘంటువును వెలువరించెను. మచిలీపట్టణపు మామిడి వెంకయ్య కూర్చిన యాంధ్రదీపిక యప్పటికే పండితుల యెఱుకలో నుండెను. క్యాంబెలు వ్యాకరణమునకు ఎల్లిసుదొర వ్రాసిన పీఠికలో నా దీపిక యుదాహృతమైనది. 1835 మొదలు జె. సి. మారిసు ఆంగ్లమునకుఁ దెలుఁగర్థములతో నిఘంటువును బ్రకటించెను.

వీరందఱి తరువాత వచ్చినవాఁడు చార్లెసు ఫిలిప్పు బ్రౌను. 1798లోఁ గలకత్తాలోఁ బుట్టి, 1820లోఁ గడపకు వచ్చి, యుద్యోగము చేయుచునే పండితులను జేరఁదీసి తాళపత్ర గ్రంథములను బరిష్కరింపించిన యీతని నిఘంటువులు 1852లో మదరాసున నచ్చైనవి. ఆంగ్లమునుండి తెలుఁగునకు వ్రాసిన గ్రంథమునకు నామపత్రముననే, ఆంగ్లభాషలోని జాతీయములను బదబంధములను దెలుఁగున వివరించునది యని యాతఁడు విశేషణము చేర్చెను. ఈ విశేషణమే ముఖ్యము. పదమున కర్థముఁ జెప్పినఁ జాలదు, పదబంధమునకుఁ జెప్పవలె నని యాతఁడు గ్రహించెను. తెలుఁగు నిఘంటువునఁ గావ్యప్రయోగములను, వ్యవహారములోని మాటలను బక్కపక్కన నిలిపెను. తెలుఁగు, ఆంగ్లములలో సంభాషణ గ్రంథమును వేఱుగఁ గూర్చెను. తాను పరభాషను నేర్చినవాఁడు గావున నేర్చువాని యిక్కట్టు లాతనికిఁ దెలియును. పిమ్మటఁ దెలుఁగువారి యిండ్లలోఁ బ్రచారమునకు వచ్చిన పి. శంకరనారాయణగారి యాంగ్లాంధ్ర నిఘంటువువంటి వానిని మన బాలు రర్థములకై వాడిరి. ఆ యర్థములే పట్టికలకెక్కెను.

పట్టికవలని హాని యుదాహరణములచేత స్పష్టమగును. తెలుఁగున ‘పని చేయు’, ‘తప్పు చేయు’, ‘వాగ్దానము చేయు’ అను మూఁటియందును ధాతు వొక్కటే. ఆంగ్లమునఁ బనికి ‘డూ’ అను ధాతువును, తప్పునకును వాగ్దానమునకును ‘మేక్’ అను ధాతువును వాడుదురు. పట్టికలో రెండింటికిని ‘చేయుట’ యనియే యర్థము. కావున బాలుఁడు ‘డూ ఎ మిస్టేక్’ అని వ్రాయును. ‘హెవీ’ యనఁగా ‘బరువైన’ యని వల్లించినవాఁడు ‘పెద్ద వాన’ యనవలసినపుడు ‘బిగ్ రెయిన్’ అనును. వాన కాంగ్లేయులు చేర్చు విశేషణము ‘హెవీ’ యని యెఱుఁగఁడు. ‘టేక్’ అనఁగాఁ దీసికొనుట యని పట్టిక చెప్పును. మందు విషయమున నది పుచ్చుకొనుట, కాలము విషయమునఁ బట్టుట, యాసనము విషయమునఁ గూర్చుండుట. ఈ భేదమంతయు ధాతువునం దున్నదా, కర్మపదసాన్నిధ్యమునం దున్నదా యన్న, సాన్నిధ్యమునందే యని చెప్పవలయును. శాస్త్రకారులు సిద్ధపదసాన్నిధ్యమును వేఱొక యుపాయముగాఁ బరిగణించుట యెంత సమంజసమో యిచటఁ దెలియును. పట్టికలోఁ బద మేకాకి. దానికి సాన్నిధ్యము లేదు.

ఇరువదవ శతాబ్దారంభమునఁ దెలుఁగు మండలములలోఁ బాఠశాలల పరీక్షాధికారిగా నున్న జె. ఎ. యేట్సు, భాషలను స్వభాషానువాదము లేక సంభాషణద్వారముననే బోధించు పద్ధతిని బ్రోత్సహించెను. విశాఖపట్టణమునఁ బి. టి. శ్రీనివాస అయ్యంగారును, విజయనగరమున గురజాడ అప్పారావుగారును, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారును దానిని సమర్థించిరి. అందుండి పుట్టిన గ్రాంథిక వ్యావహారిక వివాద మిచ్చటఁ బ్రస్తుతము కాదు. ఆ పద్ధతికి మూలము మాత్రము ‘ఆవును దెమ్ము’ అను పురాతన దృష్టాంతమే యనుట గుర్తింపఁదగినది.

అటుపిమ్మట నిఘంటువులు నేర్చువానినే యుద్దేశించి పుట్టసాగెను. ఢాకాలో వంగబాలురకు నాంగ్లము బోధించిన మైకేలు వెస్టు, ఎండికాటుతోఁ గలసి 1935లోఁ బ్రకటించిన నిఘంటువునఁ బదములును జాతీయములును గలసి సుమారు 24,000 మాటలను 1,490 సులభపదములతోనే వివరించెను. 1942లో టోకియోలో వెలువడిన ఎ. ఎస్. హార్న్‌బీ ప్రభృతుల నిఘంటువు ప్రతిక్రియాపద మే విధమైన వాక్యనిర్మాణము నపేక్షించునో సూచించెను. అది 1948లో నాక్స్‌ఫర్డు ముద్రణాలయముచేఁ బునర్ముద్రితమై లోకమంతటఁ బ్రసిద్ధికెక్కెను. ఆకాంక్ష యని మనవారు చెప్పినది యిదియే. 1987లో జాన్ సింక్లెయిరు సంపాదకత్వమున బర్మింగుహామునఁ దయారైన కోబిల్డు నిఘంటు వింకొక యడుగు ముందునకు వేసెను. కంప్యూటరులోఁ జేర్చిన నిజమైన రచనలనుండి యుదాహరణముల నెన్నుకొనుటయే గాక, యర్థమును సైతము పూర్ణవాక్యముననే చెప్పెను. వాక్యమే ముఖ్యమన్న భర్తృహరి మాట యెఱుఁగక యే యా మార్గమునకే వారును వచ్చిరి.

ఇంతమాత్రమునఁ గోశము నిరుపయోగమని నా యభిప్రాయము కాదు. వ్యవహారమున వినిన పదమును నిలుపుకొనుటకుఁ గోశమును, వల్లెయు నావశ్యకములే. ఉదాహరణములును దోషరహితములు కావు. జాన్సను చూపిన మహాకవిప్రయోగములు ప్రౌఢులకుఁ దగినవి కాని ప్రథమాభ్యాసికిఁ దగవు. ఉదాహరణవాక్యమునందలి తక్కిన పదము లన్నియు బాలునకుఁ దెలిసినవై, తెలియనిది యొక్కటియే యుండవలెను. అప్పుడే యావాపోద్వాపములు ప్రవర్తించును. పదింట నాఱు తెలియని వాక్య ముదాహరణము కాదు, మఱియొక పట్టిక.

కావున నుపాధ్యాయులు బాలుర పుస్తకములలో రెండు గడుల నడుమ మూఁడవ దానిని జేర్పింపవలయును. మొదటిదానఁ బదము, రెండవదాన నది తఱచుగాఁ గూడు పదము, మూఁడవదాన బాలుఁడు స్వయముగా వ్రాసిన వాక్యము నుండవలెను. తెలుఁగర్థము వాక్యమున కుండవలె గాని విడిపదమునకుఁ గాదు. ఇట్లు దినమునకు నైదుపదములు నేర్చినవాఁ డేఁబదిపదములు వల్లించినవానికంటె ముందు నిలుచును. బ్రౌను ప్రారంభించిన మార్గమున, తెలుఁగు బాలుఁడు చేయు తప్పులనే దృష్టియం దుంచుకొని కూర్చిన సోదాహరణమైన యాంగ్లాంధ్ర నిఘంటు వొకటి మనకు మిగుల నావశ్యకము. పండితులు నాంగ్లోపాధ్యాయులుఁ గలసి కాని యీ కార్యము నెఱవేర్పఁజాలరు. విజ్ఞు లీ విషయమును బరిశీలింతురు గాక.