పురుడు: చిత్తూరు పడమటి మండలాల్లో కొత్త శిశువు రాక

ఇంట్లో బిడ్డ పుట్టినది మొదలు తల్లీబిడ్డలకు శుద్ధి స్నానం జరిగే వరకు సాగే కాలాన్నీ, ఆ రోజుల్లో పాటించే మైలనూ, చివర జరిగే వేడుకనూ కలిపి తెలుగువారు పురుడు అంటారు. పూర్వపు చిత్తూరు జిల్లాలో పడమటి మండలాలుగా పేరుపడిన కలికిరి, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఈ కాలపు ఆచారాలు కులాన్ని బట్టీ మతాన్ని బట్టీ మారినా, అన్నింటిలోనూ ఒక ఏర్పాటు సమానంగా కనిపిస్తుంది. తల్లి తరఫువారికీ తండ్రి తరఫువారికీ, పెద్దవాళ్ళకూ ఇరుగుపొరుగుకూ బిడ్డ విషయంలో వేర్వేరు పనులూ హక్కులూ ముందే పంచి ఉంటాయి. కాన్పులు ఆసుపత్రులకు మారి, కుటుంబాలు ఇద్దరు పిల్లలకు కుదించుకుపోయిన తరువాత ఈ పంపకం కొంత చెదిరింది. ఆ పంపకంలో మొదటి నుంచీ చోటు దక్కని మనిషి మాత్రం అప్పటికే ఇంట్లో ఉన్న పెద్దబిడ్డ.

ప్రాంతం, కుటుంబం

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినప్పుడు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లా నుంచి వచ్చి చేరాయి. పుంగనూరు, కుప్పం పరిసరాలు జమీందారీల కింద ఉండేవి. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో కలికిరి, మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళగా పుంగనూరు, కుప్పం చిత్తూరు జిల్లాలోనే మిగిలాయి. వర్షాధారపు వేరుశనగ, బోర్ల కింద టమాటా, పాడి పశువులు ఇక్కడి ఆధారాలు కావడం వల్ల ఆడవాళ్ళు పొలం పనిలోనూ కూలిలోనూ సగపాలు మోస్తారు. కాబట్టి బాలింత, అంటే కొత్తగా ప్రసవించిన స్త్రీ, పనికి దూరంగా ఉండే వారాలు ఇంటి ఆదాయానికి లోటే అవుతాయి. కుప్పం వైపు కుటుంబాల్లో తమిళ, కన్నడ బంధుత్వాలు కలిసిపోయి ఉంటాయి. అక్కడి మగవాళ్ళలో చాలామంది రైల్లో బెంగళూరుకు పనికి పోతుంటారు. కలికిరి, పీలేరు వైపు నుంచి గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళినవారున్నారు. బిడ్డ పుట్టేనాటికి తండ్రి ఊళ్ళో లేకపోవడం ఈ ప్రాంతంలో అరుదైన సంగతి కాదు.

కాన్పుకు ముందు

సంతానం ఆలస్యమైన దంపతులు మొక్కుకునే చోట్లలో గుర్రంకొండ మండలం చెర్లోపల్లె దగ్గరి రెడ్డెమ్మ కొండ ముఖ్యమైనది. అక్కడ స్త్రీలు స్నానం చేసి తడిబట్టలతో అమ్మవారి ముందు సాగిలపడి ఉండడాన్ని వరపడడం అంటారు. ఆ మొక్కు ఫలించి పుట్టారన్న నమ్మకంతో పెట్టిన రెడ్డెప్ప, రెడ్డెమ్మ అనే పేర్లు మదనపల్లె చుట్టుపక్కల కులభేదం లేకుండా వినిపిస్తాయి.

గర్భిణికి బేసి నెలలో గాజులు తొడిగి, పూలు ముడిచి, చలివిడి, పండ్లు ఒడిలో పెట్టే సీమంతాన్ని ఇక్కడ జనం ఎక్కువగా శ్రీమంతం అంటారు. ఆ తరువాత పుట్టింటివారు వచ్చి ఆమెను తీసుకువెళ్తారు. తొలి కాన్పు పుట్టింటి బాధ్యత అనే నియమం గట్టిది కాగా, మలి కాన్పు ఎక్కడ జరగాలన్నది ఇంటి పరిస్థితిని బట్టి తేలుతుంది. అవ్వ, అంటే తల్లికి తల్లి, ఆరోగ్యంగా ఉందా, అత్తగారింట్లో చేసే దిక్కుందా, పెద్దబిడ్డను అంగన్‌వాడీ లేదా బడి మాన్పించి తీసుకుపోవాలా అన్నవే అక్కడ నిర్ణాయకాలు.

పురిటి రోజులు

బిడ్డ పుట్టిన తరువాత సాధారణంగా పది రోజులు మైల ఉంటుంది. శాస్త్ర భాషలో దీన్ని జాతాశౌచం అంటారు. ఆ రోజుల్లో తండ్రి వైపు దాయాదులు గుడికి వెళ్ళరు, ఇంట్లో పూజలు చేయరు. కొన్ని కులాల్లో తొమ్మిదో రోజున, మరికొన్నింట పదకొండో రోజున తల్లికి తలంటి పోసి, ఇల్లు కడిగి మైల తీరుస్తారు. ఈ నియమానికి కారణంగా అశుచి భావననే చెప్పినా, దాని ఫలితంగా తల్లీబిడ్డలు ఒక గదికి పరిమితమై రాకపోకలు తగ్గేవి, తల్లిచేత ఎవరూ పని చేయించేవారు కాదు. అదే భావన వల్ల బాలింతను గాలి, వెలుతురు లేని మూల ఉంచడం, మంచినీళ్ళు కూడా కొలిచి ఇవ్వడం వంటి చెరుపూ జరిగేది.

బిడ్డకు నీళ్ళు పోయడం అనుభవం ఉన్న ముసలావిడ చేసే పని. ఆమె పీట మీద కూర్చుని చీరను మోకాళ్ళ పైకి మడిచి, రెండు కాళ్ళూ బారజాపి, ఆ కాళ్ళ మధ్య ఏర్పడే గాడిలో బిడ్డను మొదట వెల్లకిలా, తరువాత బోర్లా పడుకోబెడుతుంది. గోరువెచ్చని నూనెతో ఒళ్ళంతా మర్దనా చేసి, సున్నిపిండి అద్ది, చెంబుతో నీళ్ళు పోస్తూ, ముక్కులోకి చెవిలోకి పోకుండా ఒక అరచేతిని నుదుటికి అడ్డం పెడుతుంది. చివరి చెంబు నీళ్ళు బిడ్డ చుట్టూ తిప్పి పారబోస్తే దిష్టి పోతుందని నమ్మకం. తుడిచాక సాంబ్రాణి పొగ వేసి, కాటుక పెట్టి, అరికాలిలోనూ బుగ్గ మీదా దిష్టిచుక్క దిద్ది ఏణెలో వేస్తారు. పాత నూలుచీరను దూలానికో పైకప్పు కొక్కేనికో వేలాడగట్టి, బిడ్డ ముఖానికి బట్ట తగలకుండా పైన అడ్డకర్ర పెట్టే గుడ్డ ఉయ్యాలను ఈ సీమలో ఏణె అంటారు. పొలం గట్టున చెట్టుకొమ్మకు కట్టిన ఏణెలో బిడ్డను ఉంచి తల్లి పని చేసుకోవడం నిన్నమొన్నటి వరకు సాధారణ దృశ్యం.

ఈ పద్ధతుల్లో మర్దనాకు, ఒడిలో వెచ్చగా ఉంచుకోవడానికి శిశువైద్యుల అభ్యంతరం లేదు. అయితే బొడ్డు ఊడేవరకు, అంటే సాధారణంగా ఒకటి రెండు వారాలు, తుడిచి ఆరనివ్వడమే తప్ప దాని మీద నూనె గాని పొడి గాని వేయకూడదనీ, ముక్కులో చెవిలో నూనె పోయకూడదనీ, కంటికి కాటుక, మూసిన గదిలో పొగ మంచివి కావనీ వారు చెబుతారు.

బాలింత పత్యం

పత్యం అంటే బాలింత తినవలసినవీ మానవలసినవీ నిర్ణయించే ఆహార నియమం. మొదటి రోజుల్లో మెత్తటి అన్నంలో శొంఠిపొడి, నెయ్యి, తరువాత వెల్లుల్లి కారం, మిరియాల చారు, బీరకాయ, పొట్లకాయ, మునగాకు వరుసగా చేరుతాయి. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు బెల్లంతో దంచి చేసిన కాయం ముద్ద రోజూ ఉదయం ఇస్తారు. మాంసం తినే ఇళ్ళలో కొన్ని రోజుల తరువాత నాటుకోడి పులుసు, ఎండుచేప కూడా పాలు పడటానికి మంచివంటారు. గుమ్మడి, వంకాయ, పుల్లటివి, చల్లటివి నిషేధం. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ ఆహారం, నీళ్ళు అవసరం కనుక, ఈ జాబితాలో పెట్టమన్నవి ఎంత మేలు చేస్తాయో, మానమన్నవాటిని నెలల తరబడి మాన్పించడం అంత బలహీనపరుస్తుంది.

కాన్పయ్యాక మొదటి రెండు మూడు రోజులు వచ్చే చిక్కటి పసుపుపచ్చని ముర్రుపాలను పూర్వం పిండి పారబోసి, బిడ్డకు తేనె, పంచదార నీళ్ళు, ఆముదం నాకించేవారు. ముర్రుపాలలో రోగనిరోధక పదార్థాలు ఎక్కువ ఉంటాయి కనుక పుట్టిన గంటలోపే పాలు పట్టించాలనీ, ఆరు నెలలు నిండేదాకా నీళ్ళతో సహా ఇంకేమీ ఇవ్వకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆరో నెల తరువాత ఇక్కడ మొదటగా పెట్టే రాగి జావ బిడ్డకు తగిన ఆహారమే.

తొట్టిల, పేరు

పదకొండో రోజున లేదా 21వ రోజున, కొన్ని ఇళ్ళలో మూడో నెలలో, బిడ్డను తొట్టిల్లో వేసి పేరు పెడతారు. దీన్నే బారసాల, నామకరణం అని కూడా అంటారు. మేనత్త బిడ్డను ఎత్తుకుని పేరు పిలవడం, అవ్వతాతలు మొలతాడు, వెండి మురుగులు పెట్టడం, ముత్తైదువలు ఉయ్యాల పాటలు పాడడం ఇందులో భాగాలు. తరువాత తీసే పుట్టువెంట్రుకలు ఇంటి దేవుడికి చెందుతాయి. తిరుమలతోపాటు పుంగనూరు దగ్గరి బోయకొండ గంగమ్మ గుడికి ఈ మొక్కు కోసం వచ్చేవారు ఎక్కువ. పుట్టువెంట్రుకలు తీసేటప్పుడూ చెవులు కుట్టేటప్పుడూ బిడ్డ మేనమామ ఒడిలో ఉండాలి. ఆ హక్కుతోపాటు బట్టలు, చెవిపోగుల ఖర్చు కూడా ఆయనదే. గంగులప్ప, మునెప్ప వంటి పేర్ల చివరి ‘అప్ప’లో పొరుగునున్న కన్నడ సీమ ఛాయ, ‘ముని’తో మొదలయ్యే పేర్లలో కుప్పం, చిత్తూరు వైపు గ్రామదేవతల భక్తి కనిపిస్తాయి.

మదనపల్లె, కలికిరి పట్టణాల్లోని ముస్లిం కుటుంబాల్లో పుట్టిన బిడ్డ చెవిలో అజాన్ వినిపించి, ఏడో రోజున జుట్టు తీసి అఖీఖా పేరిట మేకను లేదా గొర్రెను కోసి మాంసం పంచుతారు. తల్లి 40 రోజుల విశ్రాంతిని ఛిల్లా అంటారు. క్రైస్తవ కుటుంబాల్లో సంఘ సంప్రదాయాన్ని బట్టి బాప్తిస్మమో ప్రతిష్ఠ ప్రార్థనో జరుగుతుంది.

పెద్దబిడ్డ

అవ్వకు పత్యం, మేనమామకు ఒడి, మేనత్తకు పేరు ఉన్నట్టుగా అన్నకు గాని అక్కకు గాని ఈ వేడుకల్లో విధిగా చేయవలసిన పని ఏదీ లేదు. మలి కాన్పు నాటికి పెద్దబిడ్డకు ఎక్కువగా రెండు నుంచి నాలుగేళ్ళ వయసుంటుంది. రొమ్ముకు వేపాకు రసం పూసి పాలు మాన్పించడం, తల్లి పక్క నుంచి జేజి, అంటే నాయనమ్మ, పక్కకు మార్చడం, కాన్పు కోసం తల్లి కొన్నాళ్ళు కనబడకపోవడం ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. చూడవచ్చినవారు “ఇంక మీ యమ్మ నీకు లేదులే”, “పాపను మేం ఎత్తుకపోతాం, ఇస్తావా?” అని సరదాకు ఆటపట్టిస్తారు. పిల్ల ఏడవడం, పక్క తడపడం, మళ్ళీ సీసా అడగడం, చంటిబిడ్డను గిల్లడం చూసి మొండితనం అనుకుంటారు గాని, ఈ వయసులో అవి ఊహించదగిన స్పందనలే.

తోబుట్టువు రాకను మనస్తత్వ శాస్త్రం ప్రత్యేకంగా పరిశీలించింది. ఆస్ట్రియా వైద్యుడు ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ రెండో బిడ్డ రాకను మొదటి బిడ్డకు సింహాసనం పోవడంగా వర్ణించాడు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జూడీ డన్, కరోల్ కెండ్రిక్ 40 కుటుంబాలను ఇంటికి వెళ్ళి గమనించి 1982లో ప్రచురించిన గ్రంథం దీన్ని సవరించింది. అల్లరి, మంకు పెరిగిన పిల్లల్లోనే ఆసక్తి, ప్రేమ కూడా కనిపించాయి. చంటిబిడ్డకు ఇప్పుడేం కావాలో, ఎందుకు ఏడుస్తోందో పెద్దబిడ్డతో మాట్లాడి, ఆలోచించనిచ్చిన తల్లుల ఇళ్ళలో తరువాతి నెలల్లో పిల్లల మధ్య స్నేహం ఎక్కువగా ఉంది.

ఉమ్మడి కుటుంబంలో పెద్దబిడ్డను కలుపుకునే పనిని తెలియకుండానే జేజి, తాత, పిన్నమ్మ చేసేవారు. పెద్దబిడ్డను చంకనేసుకుని తిరగడానికి ఒకరు మిగిలేవారు. ఏణె ఊపమనడం, ఆరిన గుడ్డలు తెమ్మనడం, “తమ్ముడు నీకు తెచ్చినాడు” అంటూ చేతిలో బొమ్మ పెట్టడం వంటి చిన్న ఉపాయాలు ఇప్పటికీ చాలా ఇళ్ళలో ఉన్నాయి. పాలు మాన్పించడం, పక్క మార్చడం కాన్పుకు కొన్ని నెలల ముందే ముగించడం, తండ్రి రోజూ కొంతసేపు పెద్దబిడ్డకే కేటాయించడం మేలు చేస్తాయి. ఈ వయసు పిల్ల చేతికి చంటిబిడ్డను ఒంటరిగా అప్పగించకూడదు.

ఆసుపత్రి, ఆశా కార్యకర్త

మంత్రసాని చేతుల మీదుగా ఇంట్లోనే జరిగే కాన్పులు ఈ ప్రాంతంలో దాదాపు అంతరించాయి. అమెరికాకు చెందిన ఆర్కాట్ మిషన్ 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో మదనపల్లెలో నెలకొల్పిన మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి ఆడవాళ్ళ వైద్యానికి తొలి ఆధారాల్లో ఒకటి. ఈ శతాబ్దంలో కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి వచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 1992–93లో దాదాపు మూడోవంతు కాన్పులే ఆసుపత్రుల్లో జరగగా, 2019–21 నాటికి అవి 96.5 శాతానికి చేరాయి. అదే సర్వేలో సిజేరియన్లు 42.4 శాతం. కోత పడిన తల్లికి లేవడానికీ ఎత్తడానికీ సాయం మరింత కావాలి కనుక, పాత పురుటి విశ్రాంతి అవసరం ఆసుపత్రి కాన్పుతో తగ్గలేదు, పెరిగింది.

2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, భోజనం, ఇంటికి చేర్చే వాహనం ఉచితం. పుట్టగానే బిడ్డకు క్షయకు బీసీజీ టీకా, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి టీకా వేస్తారు. ఇంటికి వచ్చాక ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వచ్చి బరువు, జ్వరం, బొడ్డు, పాలు తాగే తీరు చూస్తుంది. పాలు తాగకపోవడం, ఒళ్ళు చల్లబడడం, డొక్కలెగరేయడం, అరచేతులకు అరికాళ్ళకు పసుపు పాకడం ఏ గంటలోనైనా ఆసుపత్రికి తీసుకుపోవలసిన గుర్తులు.

నమోదు

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం జననాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయాలి. పేరు ఇంకా పెట్టకపోయినా నమోదు ఆగదు, ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు. చట్ట సవరణ అమల్లోకి వచ్చిన 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడి ప్రవేశం మొదలు పాస్‌పోర్టు వరకు పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం కనుక, మూడో నెల తొట్టిల కోసం ఆగే ఇళ్ళలో కూడా నమోదు ముందే పూర్తి కావాలి.

చిన్నదవుతున్న కుటుంబం

ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటు సంతానం 1992–93లో 2.6 ఉండగా 2019–21లో 1.7కు దిగింది. తరం స్థానంలో తరం నిలవడానికి కావలసినది 2.1. ఇద్దరు పుట్టగానే తల్లికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించడం ఇక్కడ రివాజు. బిడ్డకూ తరువాతి గర్భానికీ మధ్య కనీసం 24 నెలలు ఉండాలన్న సూచనను పాటించడానికి ఉపయోగపడే కాపర్ టీ, ఇంజెక్షన్ వంటి తాత్కాలిక పద్ధతుల వాడకం చాలా తక్కువ. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న 1994 నాటి నిబంధనను రాష్ట్ర శాసనసభ 2024 నవంబరులో తొలగించింది.

నిబంధన పోయినంత మాత్రాన కుటుంబాలు పెరగవు. పురుటి పనులు పంచుకునేందుకు పూర్వం ఒక ఇంట్లోనే నలుగురైదుగురు ఆడవాళ్ళుండేవారు. ఇప్పుడు తండ్రి బెంగళూరులోనో కువైట్‌లోనో ఉండి, అవ్వ టమాటా కోతకు కూలికి పోతూ ఉంటే, ఆ పనులన్నీ బాలింత ఒక్కతి మీదా, నెలకు కొన్నిసార్లు వచ్చే ఆశా కార్యకర్త మీదా పడుతున్నాయి. మేనమామ, మేనత్త ఫోటోలకు వచ్చి వెళ్ళే చోట వేడుక ఘనత పెరిగి చాకిరీ పంపకం తగ్గింది. ఒకప్పుడు ఆడవాళ్ళదే అనుకున్న పురుటి పనిలో తండ్రి నేరుగా పాలుపంచుకోవడం, ముఖ్యంగా పెద్దబిడ్డ బాధ్యత తీసుకోవడం ఈ తరపు చిన్న కుటుంబాల్లో కొత్తగా రూపుదిద్దుకుంటున్న ఆచారం.