పాలెగాళ్ళ తిన్నని కత్తి: తిరునల్వేలి సీమ

అలుగు వంపు తిరగకుండా పిడి నుంచి మొన దాకా నేరుగా సాగే కత్తిని తిన్నని కత్తి అంటారు. చాలావాటికి రెండు వైపులా వాదర ఉంటుంది. చైనాలో దీని ప్రసిద్ధ రూపం జియాన్. దక్షిణ భారతంలో ఖడ్గం, ఖండా, పట్టా కత్తి, ఫిరంగి కత్తి ఈ కుదురుకే చెందినవి. తమిళనాడులోని పాత తిరునల్వేలి సీమలో ఈ కత్తి చరిత్ర ఇనుప యుగపు సమాధులతో మొదలై, తెలుగు పాలెగాళ్ళ కోటల మీదుగా నేటి మ్యూజియంల దాకా సాగుతుంది. ఆ సీమలో తూర్పు భాగమే ఇప్పటి తూత్తుకుడి జిల్లా. కోవిల్‌పట్టి, ఎట్టయాపురం, పాంచాలంకురిచి అందులోనివే. ఉత్తరాన సాత్తూరు ప్రాంతం నేడు విరుదునగర్ జిల్లాలో ఉంది. ఇక్కడి యుద్ధాల్లో గెలుపోటములు తేల్చినవి బల్లెం, తుపాకి. కత్తి మాత్రం అధికారానికి, దైవానికి, సాముకు గుర్తుగా మిగిలింది.

రూపం, రకాలు

వంపు కత్తి గుర్రం మీద నుంచి కోసుకుంటూ పోవడానికి అనువు. తిన్నని కత్తితో పొడవవచ్చు, నరకవచ్చు. అయితే ఏ పనికి ఎక్కువ పనికొస్తుందో అలుగు వెడల్పును, మందాన్ని బట్టి ఉంటుంది.

ఖండా అలుగు వెడల్పుగా ఉండి, మొన దగ్గర ఇంకాస్త విచ్చుకుని మొద్దుగా ముగుస్తుంది. అలుగు పలచన కాబట్టి వంగిపోకుండా అంచుల వెంట లోహపు పట్టీలు బిగిస్తారు. ఇది పొడిచే కత్తి కాదు, నరికే కత్తి. పట్టా కత్తికి మామూలు పిడి ఉండదు. ముంజేతిని కప్పే లోహపు తొడుగులో చెయ్యి దూర్చి, లోపలి అడ్డకమ్మీని పట్టుకోవాలి. మణికట్టు తిరగదు కనుక దెబ్బ భుజం నుంచి రావాలి. అందుకే దీనికి ప్రత్యేకమైన సాధన కావాలి. మరాఠా సైన్యాల్లో దీనికి పేరు ఎక్కువ. ఫిరంగి కత్తిలో అలుగు ఐరోపాది, పిడి ఇక్కడిది. పోర్చుగీసువారి రాకతో 16వ శతాబ్దం నుంచి ఐరోపా అలుగులు పశ్చిమ తీరపు రేవుల్లో దిగి, దక్కను, దక్షిణాది కమ్మరుల చేతుల్లో కొత్త పిడులు తొడుక్కున్నాయి. విజయనగర, తంజావూరు కటారుల్లో కూడా ఇలా విదేశీ అలుగులు కోసి బిగించినవి చాలా కనిపిస్తాయి.

తామ్రపర్ణి ఒడ్డున ఇనుము

ఈ సీమలో ఇనుప కత్తులకు పాత సాక్ష్యం ఆదిచ్చనల్లూరు. తిరునల్వేలికి ఆగ్నేయంగా సుమారు 24 కిలోమీటర్ల దూరంలో, తామ్రపర్ణి దక్షిణపు ఒడ్డున ఉన్న ఈ శ్మశానవాటికను 1876లో జర్మన్ యాత్రికుడు ఫెడోర్ జాగోర్ తవ్వి, దొరికిన వస్తువులు కొన్ని బెర్లిన్‌కు తీసుకుపోయాడు. పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ 1899 నుంచి కొన్నేళ్ళ పాటు విస్తృతంగా తవ్వాడు. 114 ఎకరాల ఈ స్థలంలో పెద్ద మట్టి కుండల్లో శవాలను పాతిపెట్టారు. వాటితోబాటు బంగారు పట్టీలు, కంచు పాత్రలు, ఇనుప కత్తులు, బల్లెపు మొనలు, బాణపు ములుకులు దొరికాయి. ఆయుధాలు మొన కిందికి ఉండేలా నేలలోకి దిగి ఉన్నాయని, ఖననానికి వచ్చినవారు వాటిని అలా గుచ్చి ఉంటారని రీ భావించాడు. ఆయన తవ్వకాల్లో దొరికిన సామగ్రి చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి చేరింది. కత్తిని మృతుడి హోదాకు ఆనవాలుగా చూడడం ఈ నేలలో ఎంత పాతదో దీనివల్ల తెలుస్తుంది.

తూత్తుకుడి జిల్లాలోనే ఉన్న శివకళైలో తమిళనాడు పురావస్తు శాఖ ఇటీవల తవ్వకాలు జరిపింది. అక్కడి నమూనాల ఆధారంగా ఇనుము వాడకం క్రీ.పూ. 3345 దాకా వెనక్కు వెళుతుందని 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం నివేదిక వెలువరించింది. ఈ కాలనిర్ణయం మీద పండితుల మధ్య చర్చ సాగుతోంది.

మూస ఉక్కు

కత్తికి ప్రాణం ఉక్కు. ఇనుమును బొగ్గు, ఆకులతో కలిపి మట్టి మూసలో మూసి, గంటల తరబడి కాచి, నెమ్మదిగా చల్లార్చి ఉక్కు ముద్దలు తీసే విద్య దక్షిణాదిలో చాలాచోట్ల ఉండేది. తమిళనాడులో కొడుమణల్, మేల్‌సిరువలూరు, తెలంగాణలో నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఇందుకు పేరుపడ్డ చోట్లు. కోనసముద్రం ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు స్వయంగా వచ్చేవారు. ఈ ఉక్కులో కర్బనం ఎక్కువ. సాగగొట్టి ఆమ్లంతో కడిగినప్పుడు అలుగు మీద నీటి అలల వంటి చారలు తేలతాయి. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి దీని గురించి వ్యాసం సమర్పించాడు. తరువాత ఫారడే కూడా దీని మీద ప్రయోగాలు చేశాడు. 19వ శతాబ్దంలో ఐరోపా ఫ్యాక్టరీ ఉక్కు చవకగా వచ్చిపడడం, అడవుల్లో బొగ్గు కాల్చడం మీద ఆంక్షలు పెరగడం, ఆయుధాలకు గిరాకీ పోవడం వల్ల మూస కొలుములు ఒక్కొక్కటిగా చల్లారాయి.

నాయకుల కాలం, పాలెగాళ్ళ వ్యవస్థ

1529లో మధుర పాలన చేపట్టిన విశ్వనాథ నాయకుడు, అతని దళవాయి అరియనాథ మొదలియారు రాజ్యాన్ని 72 పాలెములుగా పంచారన్నది సంప్రదాయం. పాలెము అధిపతి అయిన ఒక్కో పాలెగాడికి మధుర కోటలో ఒక్కో బురుజు కాపలా అప్పగించారు. తిరునల్వేలి సీమలో పడమటి కొండల దిగువన మరవర్ పాలెగాళ్ళు స్థిరపడితే, తూర్పున కోవిల్‌పట్టి, ఎట్టయాపురం చుట్టూ ఉన్న నల్లరేగడి తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకులకు దక్కింది. పాంచాలంకురిచి, ఎట్టయాపురం, నాగలాపురం, కుళత్తూరు, కాడల్‌గుడి, మేల్‌మాందై వారి పాలెములే.

పాలెగాడు పన్ను వసూలు చేసి పేష్కషు (కప్పం) కట్టాలి, ఊళ్ళకు కావలి కాయాలి, యుద్ధం వస్తే మనుషులతో వెళ్ళాలి. జీతపు సైన్యం తక్కువ. దున్నే రైతే పిలుపు అందగానే ఆయుధం పట్టేవాడు. ఇలాంటి సైన్యానికి ఖరీదైన కత్తి అందుబాటులో ఉండదు. అది దొర నడుముకో, అతని బంధువుల నడుముకో పరిమితమైంది. తిరునల్వేలి దగ్గర కృష్ణాపురం వేంకటాచలపతి ఆలయ స్తంభాల మీద నాయకుల కాలపు శిల్పులు చెక్కిన వీరభద్రుడి చేతిలో కత్తి, డాలు ఉంటాయి. కత్తి దైవానికీ, దొరకూ చెందినదన్న భావన ఆ శిల్పాల్లో కనిపిస్తుంది.

యుద్ధంలో ఏది పనిచేసింది

పాలెగాళ్ళ పటాలానికి వెన్నెముక బల్లెం. 18 అడుగుల దాకా పొడవుండే ఈ బల్లేలతో బారు తీరి నిలబడితే అశ్వదళం కూడా వెనుదిరిగేది. తుపాకులు వత్తి వెలిగించి పేల్చేవి. మరవర్, కళ్ళర్ సీమల్లో వలరి అనే వంపు విసురు కర్ర ఉండేది. చెక్కతోనో, ఇనుముతోనో చేసిన దాన్ని గురి చూసి విసిరితే పారిపోయేవాడి కాళ్ళు విరిగేవి. కంపెనీ సైన్యంలో పనిచేసిన జేమ్స్ వెల్ష్ బల్లెం, వలరి విసరడం తనకు మొదట నేర్పినవాడు శివగంగ చిన్న మరుదు అని 1830లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో రాశాడు. కొన్నేళ్ళ తరువాత ఆ గురువు మీదికే అతడు యుద్ధానికి వెళ్ళాల్సి వచ్చింది.

1792 ఒప్పందంతో పాలెగాళ్ళ నుంచి పేష్కషు వసూలు చేసే హక్కు ఆర్కాటు నవాబు చేతి నుంచి ఈస్టిండియా కంపెనీకి పోయింది. బాకీల వివాదంలో పాంచాలంకురిచి వీరపాండ్య కట్టబొమ్మనను కలెక్టర్ జాక్సన్ ఊరూరా తిప్పుకుని 1798 సెప్టెంబరులో రామనాథపురంలో కలిశాడు. అక్కడ జరిగిన పెనుగులాటలో లెఫ్టినెంట్ క్లార్క్ చనిపోయాడు. చేతికి చేయి తగిలే ఇలాంటి పెనుగులాటలో కత్తి, బాకు పనికొస్తాయి. కోట దగ్గర పోరు వేరు. 1799 సెప్టెంబరు 5న మేజర్ బ్యానర్‌మన్ పాంచాలంకురిచి మీదికి వచ్చాడు. కోట వదిలి వెళ్ళిన కట్టబొమ్మన పుదుక్కోట్టై సీమలో పట్టుబడ్డాడు. అక్టోబరు 16న కయత్తారులో అతణ్ణి ఉరితీశారు.

1801 ఫిబ్రవరి 2న అతని తమ్ముడు ఊమైదురై పాళయంకోట్టై చెర నుంచి తప్పించుకున్నాడు. పాంచాలంకురిచిలో కంపెనీ కూల్చిన మట్టికోట వారం తిరక్కుండా మళ్ళీ లేచింది. మార్చి 31న కంపెనీ ఫిరంగులు గోడకు గండి కొట్టినా, ఎక్కిన సిపాయిలను లోపలివారు పొడవాటి బల్లేలతో పొడిచి వెనక్కు తోశారు. అదనపు ఫిరంగులతో కర్నల్ ఆగ్న్యూ వచ్చాక మే 24న గాని కోట పడలేదు. ఊమైదురై శివగంగకు వెళ్ళి మరుదు సోదరులతో కలిశాడు. అక్టోబరు 24న మరుదులను తిరుప్పత్తూరులో, నవంబరు 16న ఊమైదురైని పాంచాలంకురిచిలో ఉరితీశారు. డెబ్బై మందికి పైగా ఖైదీలను 1802 ఫిబ్రవరిలో తూత్తుకుడి రేవు నుంచి పినాంగ్‌కు ఓడలో పంపారు.

ఆయుధాలు దింపించడం

1799లోనే బ్యానర్‌మన్ పాలెగాళ్ళను పిలిపించి కోటలు పడగొట్టాలని, ఆయుధాలు అప్పగించాలని ఆజ్ఞాపించాడు. 1801 డిసెంబరు 1న మద్రాసు గవర్నర్ ఎడ్వర్డ్ క్లైవ్ ప్రకటనతో ఈ నిషేధం దక్షిణ పాలెములన్నిటికీ వర్తించింది. పాంచాలంకురిచి కోటను నేలమట్టం చేశారు. దాని భూములు కంపెనీ పక్షాన నిలిచిన ఎట్టయాపురం, మణియాచ్చి వంటి పాలెములకు వెళ్ళాయి. 1803 నాటికి మిగిలిన పాలెగాళ్ళు జమీందారులయ్యారు. వారి కత్తులు దసరా ఆయుధపూజకు, పట్టాభిషేకానికి, ఊరేగింపుకు పరిమితమయ్యాయి. 1878 ఆయుధ చట్టం ఈ ఆంక్షలను దేశమంతటికీ విస్తరించింది.

కాబట్టి ఈ సీమలో చెక్కుచెదరకుండా నిలిచిన కత్తి అపురూపం. ఓడినవారి ఆయుధాలు కరిగిపోయాయి. కంపెనీతో రాజీపడిన సంస్థానాల ఆయుధశాలలే ఎక్కువగా మిగిలాయి. తంజావూరులో 1855లో రాజు వారసుడు లేకుండా పోయాక అక్కడి ఆయుధశాల చెదిరింది. అందులో కొంత ఎగ్మూరు మ్యూజియానికి, కొంత విదేశీ సంగ్రహాలకు వెళ్ళింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని తంజావూరు కటారులు ఆ కుదురువే.

జియాన్‌తో పోలిక

చైనాలో కూడా తిన్నని కత్తి యుద్ధరంగంలో ఓడిపోయింది. 1965లో హుబే రాష్ట్రంలో బయటపడ్డ గౌజియాన్ రాజు కంచు కత్తి సుమారు 56 సెంటీమీటర్ల పొడవు. 2,400 ఏళ్ళు దాటినా దాని వాదర పదునుగానే ఉంది. హాన్ వంశ కాలానికి ఉక్కు జియాన్ వ్యాప్తిలోకి వచ్చింది. ఆ కాలంలోనే సైనికులకు ఒంటి వాదర దావ్ నచ్చింది. అది చేయడం చవక, వీపు మందం కనుక విరగదు, నేర్పడం తేలిక. జియాన్ పండితుల నడుముకు, తావో పూజారుల చేతికి, సాము గురువుల దగ్గరికి చేరింది. 1957లో ప్రమాణీకరించిన 32 భంగిమల తైజీ కత్తి వరసను ఇప్పుడు ప్రపంచమంతటా నేర్పుతున్నారు.

రెండింటికీ కట్టుబడిలో తేడా ఉంది. జియాన్ అలుగు తోక పిడి గుండా వెనుక దిమ్మె దాకా పోయి అక్కడ బిగుస్తుంది. భారతీయ కత్తికి పొట్టి తోక ఉంటుంది. లోహపు పిడిలో కరిగించిన లక్క పోసి దాన్ని నిలుపుతారు. వేడి చేస్తే లక్క కరిగి అలుగు ఊడివస్తుంది కాబట్టి పాత అలుగుకు కొత్త పిడి తొడగడం సులువు. ఒకే కత్తిలో అలుగు ఒక శతాబ్దానిది, పిడి మరొక శతాబ్దానిది కావడానికి కారణం ఇదే.

నేటి సాము

తమిళుల సంప్రదాయ సాము విద్య సిలంబంలో మొదట కర్ర, తరువాత జింక కొమ్ములు, కత్తి, డాలు వస్తాయి. ఆంధ్రలో దీనికి దగ్గరివి కర్రసాము, కత్తిసాము. 2024 జనవరిలో తమిళనాడులో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడల్లో సిలంబం ప్రదర్శన క్రీడగా చోటు చేసుకుంది. చైనాలో జియాన్‌కు ఏకరూప వరసలు, పోటీ నియమాలు ఏర్పడ్డాయి. ఇక్కడ కత్తి వరసలు గురువును బట్టి, ఊరిని బట్టి మారతాయి.

తూత్తుకుడి, తిరునల్వేలి పల్లెల్లో రోజువారీ ఇనుము వేట కొడవలి. అయ్యనార్, సుడలై మాడన్, కరుప్పసామి గుళ్ళలో నిలువెత్తు వేట కొడవళ్ళను మొక్కుగా సమర్పిస్తారు. పాంచాలంకురిచిలో కట్టబొమ్మన కులదైవం జక్కమ్మకు ఏటా ఉత్సవం జరుగుతుంది. అక్కడ 1974లో కట్టిన స్మారక కోట ఉంది.

సేకరణ, చట్టం

ఈ సీమ కత్తి అంటూ అమ్మకానికి వచ్చే వాటిలో నమ్మదగిన వంశావళి ఉన్నవి బహు తక్కువ. పిడి శైలిని చూసి అలుగు వయసు కట్టకూడదు. మూస ఉక్కు చారలను ఆమ్లంతో పైపైన గీసి మోసం చేయడం ఉంది. చిన్న చోట మెరుగు పెట్టి మళ్ళీ ఆమ్లం పూస్తే అసలు చారలు తిరిగి తేలతాయి, పైపూత చారలు రావు. ఆ పరీక్ష కూడా నిపుణుల చేతే చేయించాలి. తుప్పును గరుకు కాగితంతో రుద్దితే చారలు, చెక్కడం రెండూ పోతాయి.

నూరేళ్ళు దాటిన ఆయుధం 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుంది. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు, వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం కత్తులు, 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు గల చాకులు ఆయుధాల జాబితాలో ఉన్నాయి. ఇంటి వాడకానికి, సేద్యానికి చేసినవి మినహాయింపు. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో జాబితాలోని ఆయుధాలు దగ్గర ఉంచుకోవడానికి లైసెన్సు తీసుకోవాలి. వేట కొడవలి రైతు చేతిలో పనిముట్టుగా సాగిపోతుంటే, తిన్నని కత్తి మాత్రం 1801లో లాగే నేటికీ ప్రభుత్వం లెక్క అడిగే వస్తువుగానే ఉంది.