గుర్రం, వేట: గుంటూరు–ప్రకాశం సీమ కళాచరిత్ర

గుర్రమెక్కి జంతువును తరిమే దృశ్యం బ్రిటిష్ చిత్రకళలో ఒక ప్రత్యేక శాఖగా ఎదిగింది. 17వ శతాబ్దిలో ఫ్రాన్సిస్ బార్లో దీనికి పునాది వేశాడు. తరువాతి తరంలో జాన్ వూటన్ దాన్ని భూస్వాముల మేడల్లోకి చేర్చాడు. గుర్రాల కళేబరాలను స్వయంగా కోసి పరిశీలించి, 1766లో అశ్వశరీర నిర్మాణం మీద గ్రంథం వెలువరించిన జార్జ్ స్టబ్స్ (1724–1806) దాన్ని శిఖరానికి తీసుకెళ్ళాడు. ఆ శాఖలో గుర్రాన్నీ వేటనూ విడదీయలేం. ఆ బొమ్మలు రాయించుకున్నవారికి గుర్రమూ, వేటకుక్కలూ, వేటాడే పొలమూ మూడూ తమ ఆస్తే. కృష్ణకు దక్షిణాన, నేడు పత్తి, మిరప పండే గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నేలకు కూడా గుర్రాన్నీ వేటనూ రూపించిన కళ ఉంది, అదీ ఇంచుమించు రెండు వేల ఏళ్ళ నాటి నుంచి. అయితే ఇక్కడి చరిత్ర వేరుగా నడిచింది. ఈ సీమ తొలి శిల్పంలో గుర్రం ఒక దారి, వేట మరొక దారి. గుర్రం రాజ్యానికీ, రాజ్యత్యాగానికీ గుర్తు. వేట మాత్రం చచ్చే జంతువు వైపు నుంచి చెప్పిన కథ. రౌతు స్వారీ చేస్తూ మృగాన్ని తరిమే వినోద దృశ్యం చాలా ఆలస్యంగా, రాజాస్థానాల అభిరుచితో వచ్చింది. అది ఈ తీరంలో బాగా నిలిచింది కూడా రాతి మీద కాదు, నూలు గుడ్డ మీద.

ముందుగా అమరావతిని చూడాలి. అక్కడి మహాస్తూపం క్రీ.పూ. 3వ శతాబ్ది ప్రాంతంలో మొదలై, శాతవాహనుల కాలంలో, ముఖ్యంగా క్రీ.శ. 1–3 శతాబ్దుల మధ్య, పల్నాటి సున్నపురాతి పలకలతో పూర్తి శోభను పొందింది. ఆ పలకల మీద గుర్రాలకు కొదవ లేదు. రాజద్వారాల దగ్గర నిలబడినవి, ఏనుగుల పక్కన ఊరేగింపులో నడిచేవి, మెడ వంచి కళ్ళేన్ని లాగేవి ఎన్నో కనిపిస్తాయి. అన్నిటిలో ప్రధానమైనది సిద్ధార్థుడి మహాభినిష్క్రమణంలోని కంథకం. యువరాజు రాత్రివేళ కపిలవస్తును విడిచి వెళ్తున్నాడు. గిట్టల చప్పుడుకు ఊరు మేలుకోకుండా యక్షులు ఆ గిట్టలను అరచేతులతో మోస్తుంటారు, దేవతలు చేతులు జోడిస్తారు, ఒకరు గొడుగు పడతారు. శిల్పి ఇక్కడ వేగాన్ని చూపాలనుకోలేదు. గుర్రం ముందుకు సాగుతుంది గాని నేలను తాకదు, దాని బలమంతా మౌనంలోకి మళ్ళింది. ఇంతకుముందే సాంచి తూర్పు తోరణం మీద ఇదే ఘట్టంలో గుర్రం వీపు ఖాళీగా ఉంటుంది, పైన గొడుగు మాత్రమే ఉంటుంది. అక్కడ లేని రౌతే అసలు నాయకుడు. స్టబ్స్ 1762 ప్రాంతంలో చిత్రించిన విజిల్‌జాకెట్ అనే పందెపు గుర్రానికీ రౌతు లేడు, వెనుక నేపథ్యం కూడా లేదు. కాని అక్కడి ఖాళీ వీపు మరెవరినీ గుర్తు చేయదు. ఆ గుర్రమే, దాని చర్మపు మెరుపే, దాని కండరాలే విషయం. రెండు చోట్లా రౌతు లేని గుర్రాన్ని అంతే శ్రద్ధతో చూశారు, చూసిన కారణాలు మాత్రం పూర్తిగా వేరు.

గుర్రానికి రాజ్యంతో ఉన్న సంబంధం ఈ ప్రాంతంలో ఇంకా పాతది. నది అవతలి జగ్గయ్యపేటలో దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పంలో చక్రం, ఏనుగు, మణి తదితరాలతో పాటు అశ్వరత్నం కూడా చక్రవర్తి ఏడు రత్నాల్లో ఒకటిగా నిలబడింది. తీరాంధ్రలో దొరికే శాతవాహన కాలపు సీసపు నాణేల మీద గుర్రపు బొమ్మ ఉంది. 3వ శతాబ్దిలో నాగార్జునకొండ లోయను ఏలిన ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేశాడని అక్కడి బౌద్ధ శాసనాలే చెబుతాయి. రాజు వైదిక యాగం చేయగా, అతని ఇంటి స్త్రీలు బుద్ధుడి స్తూపానికి దానాలిచ్చారు. ఒక లోయలోనే గుర్రం ఒకచోట బలిపశువుగా, మరోచోట సన్యాసానికి వాహనంగా ఉండిందన్నమాట. ఈ రెండిటిలోనూ దాని మీద కూర్చుని జింకను తరిమినవాడు లేడు.

ఇక వేట సంగతి. అమరావతిలోనూ, పల్నాటి గోలి స్తూపంలోనూ చెక్కిన ఛద్దంత జాతకం దీనికి గట్టి సాక్ష్యం. ఆరు దంతాల గజరాజుపై కక్ష పెంచుకున్న అతని భార్యల్లో ఒకతె మరుజన్మలో కాశీరాణి అవుతుంది, ఆ దంతాలు తెమ్మని వేటగాణ్ణి పంపుతుంది. వాడు గోతిలో దాగి విషబాణం వేస్తాడు. ఏనుగు వాణ్ణి చంపగలిగి కూడా చంపదు, పైగా దంతాలు కోసుకోవడానికి తానే తోడ్పడుతుంది. అమరావతి శిల్పి తామరకొలనులో ఏనుగుల ఆటను ఎంత ఉల్లాసంగా చెక్కాడో, ఆ తరువాతి ఘట్టాన్ని అంత నెమ్మదిగా చెక్కాడు. మోకరిల్లిన ఆ పెద్ద శరీరం ముందు రంపం పట్టిన వేటగాడు చిన్నవాడిగా కనిపిస్తాడు. చూపరి మనసు పూర్తిగా ఏనుగు పక్షాన నిలుస్తుంది. బ్రిటిష్ వేటబొమ్మల్లో నక్క గాని దుప్పి గాని సాధారణంగా దృశ్యానికి ఒక అంచున పరుగెత్తుతూ ఉంటుంది, చిత్రానికి కేంద్రం ఎర్రకోటు తొడిగిన రౌతే. ఇక్కడ వేటగాడికి గుర్రం కూడా లేదు. వాడు అడవి దారిలో కాలినడకన వచ్చిన కూలివాడు, వేట ఆనందం వాడిది కాదు, ఆజ్ఞ మరొకరిది. వేటను ఇంత స్పష్టంగా బలి అయినవారి వైపు నుంచి చూసిన శిల్పం ప్రాచీన ప్రపంచంలో అరుదని నా అభిప్రాయం. అస్సీరియా రాజభవనాల సింహపు వేట పలకల్లో చనిపోతున్న సింహం బాధ మనను కదిలిస్తుంది. కాని అక్కడి కీర్తి బాణం వేసిన రాజుదే.

ఈ తొలి శిల్పంలో స్వారీ వేట లేదన్న మాటకు మూడు అభ్యంతరాలు రావచ్చు. అమరావతి పలకల్లో చాలా భాగం నశించింది, 18వ శతాబ్ది చివర్లో ఊరి నిర్మాణానికి తవ్వి వాడుకున్నారు, సున్నపు బట్టీలకూ పోయాయి; పోయినవాటిలో స్వారీ వేట ఉండవచ్చు కదా అన్నది మొదటిది. పోయినదాని గురించి ఎవరూ ప్రమాణం చేయలేరు. కాని ఒక్క అమరావతి కాదు, నాగార్జునకొండ, గోలి, జగ్గయ్యపేట వేర్వేరు చేతుల్లో, వేర్వేరు కారణాల వల్ల మిగిలాయి. నాలుగు చోట్లా అనుకోకుండా ఒకే రకం దృశ్యమే మాయమైందనడం నమ్మదగ్గ మాట కాదు. రెండో అభ్యంతరం మరింత బరువైనది. ఇవి మతస్థలాలు, లోకవినోదం వీటిలో ఎందుకుంటుంది అంటారు. కాని ఆ పలకల నిండా లోకమే ఉంది. అంతఃపుర నాట్యం, వీధి ఊరేగింపు, సంగీతం, మదించిన నాలాగిరి ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుకుంటూ రావడం, మేడ కిటికీల్లోంచి భయంతో చూసే స్త్రీలు, అన్నీ అక్కడే ఉన్నాయి. దాతల్లో వర్తకులున్నారు, విధికుడనే తోలుపనివాడు ఉన్నాడు. లోకాన్ని ఇంతగా రానిచ్చిన కళ స్వారీ వేటను మాత్రం రానివ్వలేదంటే, అది అనుకోకుండా తప్పిపోయింది కాదు, ఎంచుకుని వదిలేసింది. ఇక మూడోది: ఈ నల్లరేగడి మైదానంలో గుర్రాలు దిగుమతి సరుకు, తక్కువమందికే అందేవి, అందుకే స్వారీ వేట లేదేమో అనవచ్చు. ఇందులో నిజం ఉంది. గుర్రపు పెంపకానికి దక్కను అనుకూలమైన నేల కాదు. అయితే అరుదైన గుర్రం ఊరేగింపులో ఎలా చేరిందో వేటలోనూ అలాగే చేరవచ్చు కదా. అందుబాటు ఒక్కటే కారణమైతే ఊరేగింపులూ ఉండకూడదు.

మధ్యయుగాల గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. కాకతీయుల సైన్యాల్లో ఏనుగుల, గుర్రాల దళాలను చూసే గజసాహిణి, అశ్వసాహిణి వంటి పదవులుండేవి. 13వ శతాబ్దిలో నృత్తరత్నావళి రాసిన జాయపసేనాని గణపతిదేవుడి గజసాహిణి, గుంటూరు జిల్లా చేబ్రోలులో అతని శాసనాలున్నాయి. తెలుగునాట వీరగల్లుల మీద గుర్రమెక్కిన వీరుడు తరచుగా కనిపిస్తాడు. అయితే ఆ గుర్రం యుద్ధానిది. పల్నాటి యుద్ధ స్మృతిని మోస్తున్న కారంపూడిలో ఏటేటా కార్తీకంలో జరిగే వీరుల ఉత్సవాల్లో పూజలందుకునేవి ఆయుధాలే.

మార్పు విజయనగర కాలంలో వచ్చింది. అరబ్బు, పారశీక గుర్రాలను కొనడానికి రాయలు ఎంత ఖర్చుకైనా వెనుదీయలేదు. హంపీ మహానవమి దిబ్బ మీద గుర్రాలూ వేటా పక్కపక్కనే చెక్కి ఉన్నాయి. 1515లో కృష్ణదేవరాయలు కొండవీడును పట్టుకున్నాక ఈ మైదానం కూడా ఆ రాజ్యంలో భాగమైంది. పల్నాడు, ప్రకాశాలకు ఎగువన నల్లమలలో ఉన్న శ్రీశైలం ప్రాకారపు గోడల బయటి వైపు వరుసలు వరుసలుగా ఏనుగులూ గుర్రాలూ సాగుతాయి, వాటి నడుమ వేట దృశ్యాలూ ఉన్నాయి. పైన చెప్పిన రెండో అభ్యంతరానికి ఇది మరో జవాబు: పవిత్రస్థలం అయినంత మాత్రాన వేట బొమ్మకు చోటు లేకుండా పోదు, శ్రీశైలం గోడే దానికి రుజువు. మారింది స్థలం కాదు, పోషకుడి చూపు. అదే కాలంలో పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేట విస్తారమైన వర్ణనకు నోచుకోవడం కూడా ఈ కొత్త రాజాభిరుచితో కలిపి చూడదగ్గదే.

గుర్రమూ వేటా ఈ తీరంలో నిజంగా ఒకటైంది 17వ శతాబ్ది కలంకారీ గుడ్డల మీద. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో మచిలీపట్నం, పెదపల్లి అంటే నేటి బాపట్ల జిల్లా నిజాంపట్నం, ప్రపంచమంతటికీ నూలుగుడ్డలు పంపే రేవులయ్యాయి. 1611లో గ్లోబ్ అనే ఓడ మీద వచ్చిన ఇంగ్లీషు వర్తకులు ఈ రెండు రేవుల్లోనూ దిగి వ్యాపారం మొదలుపెట్టారు. ఈ తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు నుంచి వచ్చే ఎరుపుకు అప్పట్లో సాటి లేదు. పెదపల్లి ఎరుపును పరదేశీ వర్తకులు పేరు పెట్టి అడిగేవారు. నేతగుడ్డను కరక్కాయ, పాల రసంలో నానబెట్టి ఆరబెడతారు. ఇనుప ముక్కలూ బెల్లమూ పులియబెట్టిన కసిమితో నల్లగీతలు గీస్తారు. ఎరుపు రావలసినచోట పటిక పూసి చిరివేరులో ఉడకబెడతారు. నీలం తాకకూడని చోట మైనం పూసి నీలిమందులో ముంచుతారు. ఒక్కో రంగుకూ ఉతుకు, ఎండ, మళ్ళీ ఉతుకు. ఇంత శ్రమతో తయారైన రుమాలుల మీద పారశీక వేషధారులైన రౌతులు డేగను మణికట్టు మీద నిలిపి స్వారీ చేస్తారు, గుర్రాల కింద జింకలు పరుగెత్తుతాయి, పులులు ఎగురుతాయి, ప్రతి ఖాళీలోనూ పూలమొక్క మొలుస్తుంది. 1640–50 ప్రాంతానికి చెందిన అలాంటి రుమాలొకటి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది, లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ ఈ జాతి గుడ్డలున్నాయి. ఇవి అరువు కళేనన్న మాట వినిపిస్తుంది. నమూనా ఇరాన్ చిత్రాల నుంచి, దక్కను ఆస్థానం నుంచి వచ్చిన మాట నిజమే. కాని నమూనాను గుడ్డ మీదికి దించిన తీరు ఈ తీరపు పనివారిదే. రంగు ఎక్కడ ఆగాలో, గీత ఎంత మందం ఉండాలో నిర్ణయించింది వారి చేయి. వేటను ఒకే కేంద్రం లేకుండా, జంతువూ మనిషీ చెట్టూ సమానంగా గుడ్డంతా పరచడం ఇంగ్లీషు కాన్వాసుకు తెలియని కూర్పు.

ఇంగ్లీషు వేటకళ ఈ ప్రాంతాన్ని తాకిన ఒక సందర్భం మద్రాసు మీదుగా వచ్చింది. 1755 నుంచి 1763 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న జార్జ్ పిగట్ స్వదేశానికి ఒక చీతాను తీసుకెళ్ళి మూడో జార్జ్ రాజుకు కానుకగా ఇచ్చాడు. 1764లో విండ్సర్‌లో దాన్ని ఒక దుప్పి మీదికి వదిలారు. భారతదేశంలో మచ్చిక చేసిన చీతాతో జింకలను వేటాడే పద్ధతిని అక్కడ చూపాలని వారి ఉద్దేశం. దుప్పి తిరగబడింది, వేట విఫలమైంది. స్టబ్స్ ఆ చీతానూ, దుప్పినీ, ఇద్దరు భారతీయ సేవకులనూ చిత్రించిన పటం ఇప్పుడు మాంచెస్టర్ చిత్రశాలలో ఉంది. అందులో గుర్రం లేదు, దొర లేడు. తెల్లని దుస్తుల్లో ఉన్న సేవకుల్లో ఒకడు చీతాను పట్టుకుని ఉంటే, మరొకడు దుప్పి వైపు చేయి చూపుతున్నాడు. స్టబ్స్ పటాల్లో ఇంత నిశ్శబ్దమైన వేట మరొకటి లేదని చెప్పవచ్చు. వేటలో కూలివాడి శ్రమను అతడు చూపిన తీరు, కావాలని కాకపోయినా, ఛద్దంత వేటగాణ్ణి గుర్తు తెస్తుంది.

గుంటూరు సర్కారు 1788లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. పదేళ్ళు గడిచాయో లేదో సర్వే అధికారి కాలిన్ మెకంజీ అమరావతి దిబ్బను చూశాడు. అప్పటికే రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడి కొత్త పట్టణం కోసం దాన్ని తవ్వుతున్నారు. మెకంజీ 1816లో చిత్రకారులతో తిరిగి వచ్చి పలకలను ఒక్కొక్కటిగా గీయించాడు. బ్రిటిష్ పార్లమెంటు పార్థెనాన్ శిల్పాలను కొన్నది కూడా 1816లోనే. వాటిలో ఏథెన్స్ ఉత్సవంలో కళ్ళెం లాగుతూ దౌడు తీసే ఆ రౌతుల వరుస ఆ తరం బ్రిటిష్ కళాకారులకు గుర్రాన్ని ఎలా చూడాలో నేర్పింది. అమరావతి రాళ్ళు లండన్ చేరేనాటికి అక్కడి కంటికి గుర్రం అంటే ఆ రౌతుల వరుసా, స్టబ్స్ గుర్రమూ. మద్రాసు అధికారి వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించిన పలకలు మద్రాసులో కొన్నేళ్ళుండి 1859లో ఓడెక్కాయి, తరువాత గోదాముల్లో పడివున్నాయి. వాస్తుచరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ వాటిని వెదికి పట్టి, 1868లో వృక్ష సర్పారాధన మీద రాసిన గ్రంథంలో ప్రచురించాడు. 1880 ప్రాంతంలో బ్రిటిష్ మ్యూజియంలోకి వెళ్ళాయి. ఫెర్గూసన్ ఈ శిల్పాన్ని ఎంతో మెచ్చుకున్నా, అతని ఆసక్తి చెట్టు పూజ, పాము పూజల మీదే ఉంది. గుర్రాన్నీ వేటనూ ఒక అంశంగా అతడు చూడలేదు.

1992లో బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలకు ప్రత్యేక గది ఏర్పడింది, అదే ఏడాది రాబర్ట్ నాక్స్ వివరణాత్మక సూచిక వెలువడింది. అప్పటి నుంచి పలకలను కథల వారీగా గుర్తించడం సులువైంది. కాని ఒకే స్తూపపు గుర్రాలు లండన్‌లో కొన్ని, చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో కొన్ని, అమరావతి పురావస్తు మ్యూజియంలో కొన్ని ఉన్నాయి. వాటి జీను, కళ్ళెం, పట్టీల వివరాలను మూడు చోట్లా కలిపి పోల్చే పని ఒకచోట జరిగితే, శాతవాహనుల కాలంలో ఈ సీమకు గుర్రాలు ఏ దారిన, ఎవరి చేతుల మీదుగా వచ్చాయో చెప్పే ఆధారాలు అందులో దొరకవచ్చు.