సూక్ష్మదర్శినిలో చిక్కిన మలేరియా

అండమాన్ దీవుల్లోని పోర్ట్ బ్లెయిర్ పేరు నేడు శ్రీ విజయపురంగా మారింది. 1858లో బ్రిటిష్ ప్రభుత్వం అక్కడ నెలకొల్పిన ఖైదీల స్థావరాన్ని మలేరియా చాలాకాలం పీడించింది. అండమాన్‌లోనూ కొంతకాలం పనిచేసిన సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్, 1894లో లండన్‌లో వైద్యుడు పాట్రిక్ మాన్సన్ తనకు రక్తంలోని మలేరియా పరాన్నజీవులను చూపించిన తరువాత, తిరిగివచ్చి సికింద్రాబాద్‌లో దోమలను కోసి పరీక్షించసాగాడు.

ఆ పరీక్షకు వాడే కాంతి సూక్ష్మదర్శినిలో అద్దం మళ్లించిన వెలుతురు పలుచని నమూనా గుండా పైకి రాగా, నమూనాకు చేరువలో ఉండే వస్తుకటకం ఏర్పరచిన ప్రతిబింబాన్ని కంటి వైపుండే అక్షికటకం మరింత పెంచుతుంది. ఆ రెండు కటకాల ఆవర్ధనాల లబ్ధమే మొత్తం ఆవర్ధనం. అయితే పెద్దదిగా కనిపిస్తే చాలదు, పక్కపక్కనున్న బిందువులను విడివిడిగా చూపే పృథక్కరణ శక్తి కూడా కావాలి. అందుకే అత్యధిక ఆవర్ధనంలో గాజుతో దాదాపు సమానంగా కాంతిని వంచే నూనె చుక్కను కటకానికీ నమూనాకూ మధ్య ఉంచుతారు.

చెమటకు మరలు తుప్పుపట్టి, అక్షికటకం పగిలిన పరికరంతోనే, రాస్ 1897 ఆగస్టు 20న అనాఫిలిస్ దోమ జీర్ణాశయపు గోడలో మలేరియా వర్ణకమున్న గుండ్రని కణాలను గుర్తించాడు. ఈ కృషికి 1902లో నోబెల్ బహుమతి లభించింది. 1912లో మలేరియా పరిశోధకుడు ఎస్.ఆర్. క్రిస్టఫర్స్ అండమాన్ మలేరియాపై వెలువరించిన నివేదిక, అక్కడి వ్యాధిని తీరప్రాంతపు ఉప్పునీటి మడుగుల్లో పెరిగే అనాఫిలిస్ జాతితో ముడిపెట్టి, నివారణకు ఏ నీటిని తొలగించాలో సూచించింది.